అచ్చయిన పేపర్‌తో కాన్ఫరెన్స్‌కు వెళ్లొచ్చా? ఎవరికి ఏ దారి

పోయిన నెల హన్మకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దగ్గర చాయ్ తాగుతుంటే ఒక జూనియర్ అడిగాడు. "అన్నా, నా పేపర్ జర్నల్‌ల వచ్చింది కద. మల్ల అదే పట్టుకొని ఢిల్లీ కాన్ఫరెన్స్‌కు పోతే తప్పా? మా సార్ పో అంటుండు. ఎన్ఐటీల చేసే మా అక్క వద్దంటుంది. ఎవరి మాట వినాలె?"

ఇద్దరి మాటా నిజమే. వాళ్ల సార్‌ది ఫిజిక్స్. అక్కడ కాన్ఫరెన్స్ అంటే పది పన్నెండు నిమిషాలు మాట్లాడటం, తర్వాత బయట చాయ్ దగ్గర వాదించుకోవడం. అచ్చు వేసే పని జర్నల్‌ది. అక్కది కంప్యూటర్ సైన్స్. అక్కడ కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్సే, అంటే సభకు వచ్చిన పేపర్లను కలిపి వేసే సంపుటే, అసలు అచ్చు, జర్నల్ తర్వాతి సంగతి. పేరు ఒకటే గానీ రెండూ వేర్వేరు వ్యవహారాలు. అందుకని "వెళ్లొచ్చా" అని అడిగే ముందు ఇంకోటి తెలుసుకోవాలి. ఆ కాన్ఫరెన్స్ వాళ్లు మనం చెప్పేది విని ఊరుకుంటారా, మన పూర్తి పేపర్ తీసుకుని అచ్చు వేస్తారా? మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఈ తేడా నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. పీహెచ్‌డీలో నా పని చెరువు పూడిక మట్టి మీద. మిషన్ కాకతీయలో తీసిన మట్టిని రైతులు పత్తి చేలకు తోలుకున్నారు కదా, ఆ చేలలో వాన వెలిశాక తేమ ఎన్ని రోజులు నిలుస్తోందన్నది నా లెక్క. పేపర్ జర్నల్‌లో వచ్చింది. ఆ ఊపులో ఒక కాన్ఫరెన్స్‌కు అబ్‌స్ట్రాక్ట్, అంటే పని సారాంశం, పంపితే తీసుకున్నారు. ఫీజు కట్టాను, టికెట్ చేయించుకున్నాను. ఇంకో పదిహేను రోజులు ఉందనగా మెయిల్ వచ్చింది: పూర్తి పేపర్ పంపండి, ప్రొసీడింగ్స్‌లో వేస్తాం, సిమిలారిటీ (అచ్చయిన రాతలతో పోలిక) పది శాతం దాటకూడదు. అదే పనిని మాటలు మార్చి రాద్దామని రెండు రాత్రులు కూర్చున్నాను. గ్రాఫులు అవే, అంకెలు అవే. మూడో రోజు మా గైడ్‌కు చూపిస్తే రెండు పేజీలు తిప్పి, "పాత చింతకాయ పచ్చడే కదయ్యా, తాలింపు ఒక్కటే కొత్తది" అన్నారు. విరమించుకున్నాను. ఫీజు తిరిగి రాలేదు.

మాట్లాడటం వేరు, మళ్లీ అచ్చు వేయించడం వేరు

నా సొంత పనే కదా, ఎన్నిసార్లు వాడుకుంటే ఎవరికేం అనుకుంటాం. 2020 ఏప్రిల్‌లో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ దీని మీదే ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చింది. ముందే అచ్చయిన మన పనిని మనమే, మూలం చెప్పకుండా మళ్లీ వాడుకుని, ఇదే కొత్తదని చూపి లాభం పొందితే అది సెల్ఫ్ ప్లేజియరిజం, అంటే మన రాతను మనమే కాపీ కొట్టడం, అని తేల్చింది. అదే పేపర్‌ను ఇంకోచోట వేయడం, పెద్ద పనిని ముక్కలు చేసి వేర్వేరు పేపర్లుగా చూపడం, వాడిన డేటానే మళ్లీ వాడటం, పాత పేపర్‌నే మాటలు మార్చి రాయడం, అన్నిటినీ విడివిడిగా చెప్పింది. నేను రెండు రాత్రులు చేసింది ఆ చివరిదే. సాఫ్ట్‌వేర్‌లో శాతం తగ్గినంత మాత్రాన బయటపడ్డట్టు కాదు.

అయితే ఆ నోటీసులో అన్నిచోట్లా వచ్చే షరతు ఒకటుంది: మూలాన్ని పూర్తిగా ఉటంకించకుండా చేస్తేనే తప్పు. ఫలానా సంవత్సరం ఫలానా జర్నల్‌లో వచ్చిన పని ఇది అని ముందే చెప్పి, వేదిక మీద వివరిస్తే అందులో దాపరికం లేదు. వినేవాళ్లు మోసపోలేదు, కొత్త ప్రచురణ ఏదీ పుట్టలేదు. ఇక నిర్వాహకులు ఒప్పుకుంటారా లేదా అన్నదే మిగులుతుంది.

అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే తీసుకునే సభలు

అచ్చయిన పనికి అన్నిటికన్నా నప్పే దారి నా దృష్టిలో ఇదే. ఒక పేజీ అబ్‌స్ట్రాక్ట్, పది నిమిషాల మాట లేదా ఒక పోస్టర్. పూర్తి పేపర్ అడగరు. ఫిజిక్స్, గణితం, నేల, నీరు, పర్యావరణం లాంటి రంగాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. అచ్చయిన పని కావడంలో ఒక సుఖం కూడా ఉంది. జర్నల్ తరఫున పేపర్‌ను పరీక్షించే రివ్యూయర్లు అడగాల్సినవి ముందే అడిగేసి ఉంటారు కాబట్టి ప్రశ్నోత్తరాలప్పుడు కాళ్లు వణకవు. చూపించిన గ్రాఫ్‌ను ఎవరో ఎత్తుకుపోయి ముందే వేసుకుంటారన్న భయం ఉండదు. వివరం కావాలన్నవాళ్లకు డీఓఐ (ఆన్‌లైన్‌లో ఆ పేపర్‌కు ఉండే శాశ్వత నంబరు) ఇస్తే సరిపోతుంది. పోస్టర్ మూలన ఒక క్యూఆర్ కోడ్ పెడితే అదీ చెప్పక్కర్లేదు.

లోపం కూడా ఉంది. ఆ పని మీద సలహాలు వచ్చినా పేపర్‌లో ఇక మార్చలేం. "ఈ చేలలో రాత్రి తేమ కూడా కొలవాల్సింది" అని ఒకాయన అంటే నోట్‌బుక్‌లో రాసుకోవడమే. అందుకే అచ్చయిన పనితో వెళ్లేటప్పుడు చివరి రెండు స్లైడ్లు తర్వాత చేయబోయే పనికి వదిలేయమని చెబుతాను. నా తర్వాతి పనిలో సగం ఆలోచనలు అలా వచ్చినవే.

అబ్‌స్ట్రాక్ట్ సభల్లోనూ కొన్ని "ఇంతకుముందు ఎక్కడా ప్రచురించనిది" అని రాయించుకుంటాయి. వైద్య సభల్లో ఇది ఎక్కువ. కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేసే మిత్రులకు ఇది కొత్త కాదు. వైద్యంలో మామూలు వరస ఏంటంటే ముందు సభలో చెప్పడం, తర్వాత జర్నల్‌లో వేయడం. దానికి ఏ అడ్డూ లేదు. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం సభలో చెప్పిన పని, పూర్తిగా అచ్చు కానంత వరకు, జర్నల్‌కు పనికొస్తుంది. దీనికి వెనక ఒక పాత కథ ఉంది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లో, వేరేచోట ముందే బయటపడిన పనిని మేం వేసుకోమని నియమం పెట్టాడు. ఆయన పేరుతోనే అది నిలిచిపోయింది. ఆ కాలం నుంచీ వైద్యులు ఏది ముందు, ఏది తర్వాత అని జాగ్రత్త పడుతూనే ఉన్నారు. వరస తిరగబడి, జర్నల్‌లో వచ్చాక సభకు తీసుకెళ్తే కొన్ని సభలు తిప్పి పంపుతాయి. కొన్ని మాత్రం దానికి "ఎన్‌కోర్" (మరోసారి చెప్పడం) అని పేరు పెట్టి తీసుకుంటాయి. నియమాల పేజీలో ఆ మాట ఉందో లేదో వెతకండి.

పేపర్ అంగీకారం పొంది ఇంకా బయటకు రాలేదంటే ఇంకో మెలిక. కొన్ని పెద్ద జర్నళ్లు ఫలానా రోజు దాకా పత్రికలవాళ్లతో మాట్లాడొద్దంటాయి. సభలో చెప్పడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. సభ అయ్యాక జిల్లా ఎడిషన్ విలేకరికి మనమే ఫోన్ చేస్తేనే చిక్కు.

జర్నల్ పేపర్లకే తలుపు తీసే కాన్ఫరెన్సులు

కంప్యూటర్ సైన్స్‌వాళ్లకు పైన చెప్పింది వర్తించదు. ఐఈఈఈ, ఏసీఎం అనే అంతర్జాతీయ సంఘాల కాన్ఫరెన్సులకు జర్నల్‌లో వచ్చిన పేపర్‌ను మామూలు పేపర్‌గా పంపితే అది డూప్లికేట్ సబ్మిషనే. అయితే చాలామంది మనవాళ్లకు తెలియని ఒక పక్క తలుపు ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో పెద్ద సభ ఐసీఎస్ఈలో "జర్నల్ ఫస్ట్" అని వేరే విభాగం ఉంది. ఎంచుకున్న జర్నళ్లలో ఈమధ్య వచ్చిన పేపర్లను అక్కడ చెప్పనిస్తారు, ప్రొసీడింగ్స్‌లో మళ్లీ పూర్తిగా వేయరు. కృత్రిమ మేధలో ఐజేకాయ్ సభకు ఇలాంటిదే జర్నల్ ట్రాక్ ఉంది. భాషల మీద కంప్యూటర్ పని చేసేవాళ్ల టాకల్ జర్నల్‌లో వేస్తే ఏసీఎల్ సభల్లో చెప్పుకోవచ్చు. రోబోటిక్స్‌లో ఐఈఈఈ రోబోటిక్స్ అండ్ ఆటోమేషన్ లెటర్స్‌లో వేసి ఇక్రా, ఐరోస్ సభల్లో చెప్పేవాళ్లు చాలామంది. డేటాబేస్‌ల వీఎల్‌డీబీలో అయితే పేపర్ జర్నల్ సంచికలోనే వస్తుంది, సభలో చెప్పడం దానికి జోడింపు.

వీటి షరతులు కటువుగా ఉంటాయి. ఫలానా జర్నల్, ఫలానా తేదీల మధ్య వచ్చిందే కావాలి, పాత కాన్ఫరెన్స్ పేపర్‌కు సాగదీత కాకూడదు, ఇలా. ఏటా మారతాయి కూడా. పేపర్ ఏ జర్నల్‌కు పంపాలో ఆలోచించే రోజునే ఈ తలుపును లెక్కలో పెట్టుకోవాలి. వచ్చాక వెతికితే మన జర్నల్ వాళ్ల జాబితాలో ఉండకపోవచ్చు.

పాత పని మీద కొత్త పేపర్

ప్రొసీడింగ్స్ అచ్చు వేసే సభకే వెళ్లాలని ఉంటే నిజాయితీ దారి ఒకటే: కొత్త ప్రశ్న, కొత్త డేటా లేదా కొత్త విశ్లేషణ. పాత పేపర్‌ను ఉటంకించి, అక్కడ ఏం తేలింది, ఇక్కడ ఏం కొత్త అన్నది మొదటి పేజీలోనే రాయాలి. నా మట్టి పనిలోనే తీసుకుంటే, మూడో సంవత్సరం ఆ చేలలో మళ్లీ కొలిచి, మట్టి ప్రభావం ఎంత తగ్గిందో చెబితే అది కొత్త పేపర్. మొదటి ఏడాది లెక్కనే మండలాల వారీగా విడగొట్టి చూపితే కాదు.

"ముప్పై శాతం కొత్తది ఉంటే చాలన్నా" అనే మాట మన క్యాంపస్‌లలో బాగా తిరుగుతుంటుంది. కాన్ఫరెన్స్ పేపర్‌ను పెంచి జర్నల్‌కు పంపేటప్పుడు కొన్ని జర్నళ్లు పెట్టుకున్న లెక్క అది. జర్నల్ నుంచి కాన్ఫరెన్స్‌కు ఎదురు దారిలో నడిచేవాళ్లకు దాన్ని అంటగట్టలేం. పైగా పరిచయంలో ముప్పై శాతం మాటలు మారిస్తే వచ్చే ముప్పై ఎవరికీ అక్కర్లేదు.

ఆర్ట్స్, సోషల్ సైన్సెస్ వాళ్లకు

ఇక్కడ గండం వేరే రూపంలో వస్తుంది. తెలుగు, చరిత్ర, ఎకనామిక్స్ శాఖలు జాతీయ సదస్సు పెడతాయి. పత్రం చదవండి, సర్టిఫికెట్ ఇస్తాం అంటారు. అప్పటికే ఏదో పత్రికలో వచ్చిన వ్యాసమే కదా అని తీసుకెళ్లి చదువుతాం. సాఫ్ట్ కాపీ అడిగితే ఇస్తాం. ఆరు నెలలకు ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు నంబరు)తో పుస్తకం వస్తుంది, అందులో మన వ్యాసం మళ్లీ ఉంటుంది. మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. రేపు ఇంటర్వ్యూలో రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఈ కథంతా తెలియదు. కాపీ ఇచ్చే ముందే "ఇది ముందే అచ్చయింది, సంపుటిలో వేయొద్దు" అని మెయిల్ పెట్టండి. నోటితో చెబితే లాభం లేదు. సంపుటి పని చేసేవారు వేరే ఉంటారు.

1935లో పుణెలో మొదలైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ లాంటి చోట్ల చదివిన పత్రాల్లో ఎంచినవి ప్రొసీడింగ్స్‌లో వేస్తారు. అక్కడికి కొత్త పనితోనే వెళ్లాలి. కోటగుళ్ల శాసనం మీదో, చెరువు తూముల మీదో చేతిలో తాజా పని ఉంటే అచ్చుకు తొందరపడకుండా ముందు అలాంటి చోట చదవడం మేలు.

పాయింట్ల కోసమైతే

సిగ్గుపడాల్సిన పని లేదు, చాలామందికి అసలు కారణం ఇదే. అధ్యాపకుల ఉద్యోగాలకూ ప్రమోషన్లకూ లెక్క కట్టే 2018 యూజీసీ నిబంధనల్లో జర్నల్ పేపర్‌కు సైన్సు వైపు 8, ఆర్ట్స్ వైపు 10 పాయింట్లు. సభలో పత్రం చదివితే విదేశంలో 7, దేశంలోనే జరిగే అంతర్జాతీయ సభలో 5, జాతీయ సభలో 3, రాష్ట్ర స్థాయిలో 2. సభలో చదివిందే ప్రొసీడింగ్స్‌లోనూ వస్తే ఒక్కసారే లెక్క. ఇంకోటి, సభలూ ఉపన్యాసాలూ పాలసీ డాక్యుమెంట్లూ కలిపి మొత్తం రీసెర్చ్ స్కోరులో 30 శాతానికి మించకూడదు. ఏడాదికి ఆరు సదస్సులు తిరిగినా ఆ గీత దగ్గర ఆగిపోతాం. మీ నోటిఫికేషన్ ఏ నిబంధనల కింద వచ్చిందో చూసుకున్నాకే ఈ అంకెలు పట్టుకోండి.

స్కాలర్లకు ఇంకో మాట. 2016 నిబంధనల్లో థీసిస్ ఇవ్వాలంటే రెండు సభల్లో పత్రాలు చదివి ఉండాలి, ఒక జర్నల్ పేపర్ ఉండాలి. 2022 నిబంధనల్లో యూజీసీ ఆ బలవంతం తీసేసింది. అయినా యూనివర్సిటీ తన నియమం తాను పెట్టుకోవచ్చు. ఏ సంవత్సరం రిజిస్ట్రేషనో చూసి శాఖలో అడగండి. రెండు సర్టిఫికెట్ల కోసం టెన్షన్ పడి దొరికిన సభకల్లా ఫీజు కట్టినవాళ్లను చూశాను.

ఆ టెన్షన్ మీదే బతికే సభలు కూడా ఉన్నాయి. ఇన్‌బాక్స్‌లో "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ" అని మొదలయ్యే మెయిల్, స్కాలర్‌ను ప్రొఫెసర్‌ను చేసేస్తుంది. ఒకే హోటల్లో ఒకే రోజు ఇరవై రంగాల సభలు. హైదరాబాద్‌లోనే పుట్టిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. పేరున్న శాస్త్రవేత్తలు వస్తారని సభల గురించి తప్పుగా ప్రచారం చేయడం కూడా ఆ ఆరోపణల్లో ఒకటి. అచ్చయిన పేపర్‌ను యథాతథంగా, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒకే రోజులో ఒప్పుకున్నారంటే సంతోషపడకండి.

ఖర్చు లేని దారి

పెద్దగా ఎవరూ లెక్కలో పెట్టని దారి ఇది. మన శాఖలోనే సెమినార్, పక్క యూనివర్సిటీకి పిలిపించుకుని ఒక గంట మాట్లాడటం. కరీంనగర్ శాతవాహనకో, నిజామాబాద్ వైపు తెలంగాణ యూనివర్సిటీకో బస్సు ఛార్జీతో పోయి రావచ్చు. గంట దొరుకుతుంది కాబట్టి పద్ధతి అంతా విప్పి చెప్పొచ్చు. పది నిమిషాల సభలో అది కుదరదు. ఇలాంటి చోట పని కొత్తదా పాతదా అని ఎవరూ అడగరు, తెలిసిన పనిని బాగా చెప్పాలనే పిలుస్తారు.

నాకు బాగా నచ్చిన సభ మాత్రం ఒక రైతు వేదికలో జరిగింది. వ్యవసాయ శాఖ ఏఈఓ గారు పిలిస్తే వెళ్లి, ఇంగ్లిష్ జర్నల్‌లో వచ్చిన నా పేపర్‌ను తెలుగులో చెప్పాను. ఎకరానికి ఎన్ని ట్రిప్పులు తోలితే ఫలం ఉందన్న స్లైడ్ దగ్గర ఒక పెద్దాయన లేచి, "సారూ, మీరు కొలిచింది నల్ల మట్టా, చెల్కనా?" అని అడిగాడు. జర్నల్ రివ్యూయర్లు ఇద్దరూ అడగని ప్రశ్న అది. దాన్ని పేపర్‌లో ఒక్క వాక్యంలో దాటేశాను.

అదే పనిని తెలుగులో అచ్చు వేయాలంటే దానికీ మర్యాద ఉంది. వైద్య సంపాదకుల కమిటీ దీన్ని ద్వితీయ ప్రచురణ అంటుంది. ఇద్దరు సంపాదకులూ ఒప్పుకోవాలి, పాఠకులు వేరై ఉండాలి, మొదటిది ఎక్కడ వచ్చిందో స్పష్టంగా రాయాలి. ఇతర రంగాలవాళ్లు కూడా ఇదే పాటిస్తే ఇబ్బంది రాదు.

వెళ్లేముందు

జర్నల్‌కు కాపీరైట్ రాసిచ్చామా, మూలం చెబితే ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై లైసెన్స్ కింద వేశామా చూసుకోండి. సీసీ బై అయితే మూలం చెప్పి బొమ్మలు ఎక్కడైనా వాడుకోవచ్చు. కాపీరైట్ ఇచ్చేసి ఉంటే స్లైడ్లలో చూపడానికి చాలా ప్రచురణకర్తలు ఒప్పుకుంటారు గానీ, ఇంకో పుస్తకంలో అచ్చు వేయాలంటే అనుమతి కావాలి. తోటి రచయితలందరికీ ఒక మెయిల్ పెట్టండి. అందులో ఒకరు అదే పనితో ఇంకో సభకు అప్పటికే పేరిచ్చి ఉండొచ్చు.

నిర్వాహకులకు మాత్రం అబ్‌స్ట్రాక్ట్ పంపే రోజే ఇలా రాయండి: "ఈ పని ఫలానా జర్నల్‌లో ఫలానా నెలలో ప్రచురితమైంది, డీఓఐ ఇది. మౌఖికంగా గానీ పోస్టర్‌గా గానీ చెప్పాలనుకుంటున్నాను. మీరు పూర్తి పేపర్ అచ్చు వేస్తారా? వేస్తే నాది మినహాయించగలరా?" జవాబు వచ్చాకే ఫీజు. నా ఫీజు పోయింది ఈ నాలుగు ముక్కలు రాయకే.

ఇక ఆ జూనియర్ సంగతి. ఢిల్లీ సభ వెబ్‌సైట్ ఇద్దరం ఫోన్‌లో చూశాం. ఒక విభాగం పూర్తి పేపర్లది, ఇంకోటి అబ్‌స్ట్రాక్ట్ పోస్టర్లది. పోస్టర్‌కు మెయిల్ పెట్టమన్నాను. ముందే అచ్చయిందని రాస్తే రానివ్వరేమోనని భయపడ్డాడు. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: అభ్యంతరం లేదు, పోస్టర్ కింద జర్నల్ పేరు రాయండి.

ఏ0 సైజు, 841 బై 1189 మిల్లీమీటర్లు. గుడ్డ మీద వేయిస్తే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చని చెప్పాను గానీ, తక్కువలో అవుతుందని హన్మకొండ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ షాపుకే పోయాడు. డిజైన్ చేసే పిల్లాడు ఫైల్ తెరిచి, గ్రాఫులన్నీ పైకీ కిందికీ జరిపి చూసి, "అన్నా, పైన జాగ ఉంచలేదు. లీడర్ల ఫొటోలు ఎక్కడ పెట్టాలె?" అన్నాడట.